బెత్తం ఎవరి పక్షం?

1

"బెత్తం పోయింది, దానితోపాటు చదువూ పోయింది" అనే మాట ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా వినబడుతున్నది. ఉపాధ్యాయుల గదిలో అంటారు, పెళ్లిపందిట్లో అంటారు, రైలు ప్రయాణంలో అంటారు. ఒకప్పుడు పంతులంటే పిల్లలు గజగజ వణికేవారనీ, అందుకే ఆనాటి చదువు గట్టిదనీ, ఇప్పుడు చట్టాలు వచ్చి ఉపాధ్యాయుని చేతులు కట్టేశాయనీ దీని తాత్పర్యం. ఈ మాట అనేవారంతా పాతకాలపు ఛాందసులే అయితే ఇక్కడ చర్చించవలసిన పని లేదు. వారు ఆడవాళ్లకు స్వేచ్ఛ ఎక్కువైందంటారు, కూలీలకు పొగరు పెరిగిందంటారు. పిల్లలను గురించి మరో విధంగా మాట్లాడతారని మనం ఆశించం. కాని అభ్యుదయవాదులమని చెప్పుకునేవారు, ఊరేగింపులో ముందు నిలబడి జెండా పట్టేవారు, మహాసభల్లో ప్రజాస్వామిక విద్యను గురించి తీర్మానాలు ప్రతిపాదించేవారు కూడా మర్నాడు బడికి వెళ్లి బెత్తం పట్టుకుంటున్నారు. పట్టుకోనివారిలో చాలామంది, పట్టుకోవడానికి వీల్లేకుండా పోయినందుకు విచారిస్తున్నారు.

ఇదేమిటని అడిగితే వారిచ్చే సమాధానాలు నాలుగు రకాలు. "కొట్టగూడదనేది పాశ్చాత్యుల సిద్ధాంతం, మన దేశానికి పనికిరాదు" అనేది మొదటిది. "మేమూ దెబ్బలు తినే పైకి వచ్చాం" అనేది రెండోది. "యాభై మంది పిల్లల్ని ఒక్కడు ఎట్లా అదుపు చెయ్యాలి?" అనేది మూడోది. "ఇది చిన్న విషయం, వ్యవస్థ మారితే ఇదీ మారుతుంది" అనేది నాలుగోది. ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా పరిశీలించవలసి వుంది. అయితే వాటన్నిటికీ అడుగున ఒక నమ్మకం దాగి వున్నది. బెత్తం కేవలం ఒక పనిముట్టు అనీ, మంచివాడి చేతిలో మంచీ, చెడ్డవాడి చేతిలో చెడూ చేస్తుందనీ ఆ నమ్మకం. ముందు దీని సంగతి తేల్చాలి. బెత్తానికి ఒక చరిత్ర వుంది. ఆ చరిత్ర పొడుగునా అది ఒక పక్షాన్నే నిలబడి వుంది.

2

సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం. వేదాంగాలలో శిక్ష ఒకటి; అది ఉచ్చారణ నేర్పే శాస్త్రం. హిందీవారు ఈనాటికీ చదువును శిక్షా అనే అంటారు. తెలుగులో ఆ మాటకు దండన అనే అర్థం స్థిరపడింది. నేర్పడమూ దండించడమూ ఒకే చోట, ఒకే చేతి మీదుగా జరిగే సమాజంలోనే ఇటువంటి అర్థపరిణామం సులభమవుతుంది.

ఆ చోటు ఎట్లా వుండేదో మనకు తెలియకపోలేదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ తన జిల్లాలోని వీధిబడులను గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. జిల్లాలో వున్న 533 బడులలో 226 తెలుగు బడులు. ఉదయం అందరికంటె ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి అదనం. చదవనివాణ్ణి కొట్టేవారు, రెండు చేతులూ కట్టి తాడుతో పైకప్పుకు వేలాడదీసేవారు, ఆపకుండా కూర్చోబెట్టి లేవదీసేవారు. అంటే మన తాతలు చెప్పే కోదండమూ గుంజిళ్లూ అన్నమాట. ఈ చివరిది బాధాకరమైనదే అయినా ఆరోగ్యానికి మంచిదేమో అని కూడా ఆ దొర ఒక మాట చేర్చాడు! అదే నివేదికలో ఆయన మరో సంగతి గమనించాడు. ఈ బడుల్లో పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు గడగడా వల్లిస్తారుగాని, వాటి అర్థం చిలకకు తెలిసినంతే వాళ్లకూ తెలుసునన్నాడు.

ఈ రెండు సంగతులనూ కలిపి చదవాలి. ఎక్కాలు బట్టీ పట్టించడానికి బెత్తం పనికివస్తుంది. అర్థం కాని పద్యాన్ని నోటికి రప్పించడానికీ పనికివస్తుంది. కాని ఏడు తొమ్మిదులు అరవైమూడు ఎందుకయిందో బెత్తంతో బోధపరచగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. భయం జ్ఞాపకశక్తిని కొంతసేపు పరుగెత్తించగలదేమోగాని, ఆలోచనను మాత్రం అక్కడికక్కడే ఆపేస్తుంది. ప్రశ్న అడిగితే దెబ్బ పడేచోట ఎవడూ ప్రశ్న అడగడు. అందువల్ల, ప్రశ్నలు అక్కర్లేని చదువుకే బెత్తం అవసరం.

ఇప్పుడు బడి వదిలి కచ్చేరీకి పోదాం. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారనే ఆరోపణలను విచారించడానికి కంపెనీ ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. 1855లో అది ఇచ్చిన నివేదికలో, బాకీ పడిన రైతును తాలూకా బంట్రోతులు ఏమేమి చేసేవారో ఒక పట్టిక వుంది. ఎండలో నిలబెట్టడం, అన్నానికి పోనివ్వకపోవడం, చెవులు మెలిపెట్టడం, తొడలు గిల్లడం, చెంపలు వాయించడం, అటూ ఇటూ పరుగెత్తించడం, వేళ్లు పెనవేసి నొక్కడం, ఇద్దరి తలలు ఒకదానికొకటి కొట్టడం, వంగదీసి కట్టి వుంచడం, బొండకొయ్యలో కాళ్లు పెట్టించడం, మెడలో అసహ్యకరమైన వస్తువులు దండగా వేసి అవమానించడం. కిట్టి అనే కర్రసాధనంతో వేళ్లు నొక్కడం వీటన్నిటిలోకీ పేరుమోసినది.

పాఠకులు ఈ పట్టికను మరొకసారి చదవాలని కోరుతున్నాను. ఇందులో ఎన్ని వారు బడిలో చూడలేదు? వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి నొక్కడం కిట్టికి పిల్లరూపం కాదా? ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం, తొడపాశం పెట్టడం, మైదానం చుట్టూ పరుగెత్తించడం, "నేను మొద్దును" అని రాసిన అట్టముక్క మెడలో వెయ్యడం, ఇవన్నీ ఎక్కడివి? పంతులు బంట్రోతు దగ్గర నేర్చుకున్నాడని నేను చెప్పడం లేదు. బంట్రోతే పంతులు దగ్గర నేర్చుకుని వుండవచ్చు. ఎవరు ఎవరిని అనుకరించారనేది ముఖ్యం కాదు. పైవాడు అడగడమూ కిందివాడు చెల్లించడమూ తప్ప మరో సంబంధం లేని సమాజంలో, శిస్తు వసూలుకూ పాఠం వసూలుకూ ఒకే పద్ధతులు అమరాయి. మన భాషే ఇందుకు సాక్ష్యం చెబుతున్నది. చదివిన పాఠాన్ని మనం "అప్పజెప్పు" అంటాం. తీసుకున్న సొమ్మును అప్పజెప్పినట్టే పాఠాన్నీ అప్పజెప్పాలి. చెల్లించలేనివాడికి రెండు చోట్లా దెబ్బలే.

రైతును కొట్టి శిస్తు వసూలు చెయ్యడం దుర్మార్గమని మనం ఒప్పుకున్నాం. దాని మీద పోరాటాలు చేశాం, కథలు రాశాం, పాటలు కట్టాం. ఆ రైతు కొడుకును కొట్టి పాఠం వసూలు చెయ్యడం మాత్రం క్రమశిక్షణ అంటున్నాం.

3

ఇక పాశ్చాత్య సిద్ధాంతమనే వాదాన్ని చూద్దాం. వాస్తవం దీనికి సరిగ్గా తలకిందులుగా వుంది. పిల్లవాణ్ణి కొట్టే హక్కును మన దేశంలో చట్టభాషలో భద్రపరచినవారు ఇంగ్లీషువారే. ఉపాధ్యాయుడు తండ్రి స్థానంలో వున్నవాడు గనక "సమంజసమైన" దండన విధించవచ్చుననేది వారి న్యాయసూత్రం. 1860 నాటి భారత శిక్షాస్మృతి 89వ విభాగం, పన్నెండేళ్లలోపు పిల్లల మేలు కోరి సంరక్షకుడుగాని, అతని అనుమతితో మరొకరుగాని సదుద్దేశంతో చేసే పని వల్ల హాని కలిగినా, కొన్ని హద్దులకు లోబడి, అది నేరం కాదన్నది. ఆ ఇంగ్లండులో ప్రభుత్వ పాఠశాలల్లో బెత్తాన్ని నిషేధించిన చట్టం 1986లోగాని రాలేదు. డబ్బున్నవారి పిల్లలు చదివే ప్రైవేటు పాఠశాలల్లో అది 1999 దాకా సాగింది. అమెరికా సుప్రీంకోర్టు 1977లో, క్రూరశిక్షల నుంచి పౌరులను కాపాడే రాజ్యాంగ సవరణ బడిపిల్లలకు వర్తించదని తీర్పు చెప్పింది. ఇద్దరు పిల్లలను చెక్కబద్దతో కొట్టిన వ్యవహారం అది. పాశ్చాత్యులు పిల్లలను సుకుమారంగా పెంచుతారని మనవాళ్లు ఎక్కడ విన్నారో తెలియదు.

మరోవైపు, పోలెండు తన పాఠశాలల్లో కొట్టడాన్ని 1783లోనే నిషేధించింది. విప్లవానంతర రష్యాలో 1918 నాటి ఏకీకృత శ్రామిక పాఠశాల శాసనం బడిలో శిక్షలనే రద్దు చేసింది. దేశం అంతర్యుద్ధంలో, ఆకలిలో వున్న సంవత్సరమది. "ముందు పెద్ద సమస్యలు" అనే వాదం వారికి తట్టలేదు కాబోలు! స్వీడన్ 1979లో ఇంట్లో తల్లిదండ్రులు కొట్టడాన్ని సైతం నిషేధించి, ఆ పని చేసిన మొదటి దేశమయింది. ఇందులో తూర్పూ పడమరా ఏమీ లేవు. పిల్లవాడు మనిషా, పెద్దల ఆస్తా అనే ప్రశ్న ఒక్కటే వుంది.

మన దేశంలో దీనికి వచ్చిన సమాధానం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడండి. దొంగలకు కొరడాదెబ్బలు విధించే 1864 నాటి చట్టానికి వారసురాలైన శాసనాన్ని మన పార్లమెంటు 1955లో రద్దు చేసింది. శిక్షపడిన ఖైదీ వీపుకు ఆనాడే విముక్తి లభించింది. ఏ నేరమూ చెయ్యని బడిపిల్లవాడి అరచేయి మాత్రం మరో యాభై ఏళ్లు ఎదురు చూసింది. ఢిల్లీలో బెత్తానికి అనుమతినిచ్చిన పాఠశాల నిబంధనను అక్కడి హైకోర్టు 2000 డిసెంబరులో కొట్టివేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో తన విద్యా నియమాలను సవరించి శారీరక దండనను నిషేధించింది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 17వ విభాగం శారీరక దండననూ మానసిక వేధింపునూ రెండిటినీ నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం కూడా సగం చట్టమే. అది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే వర్తిస్తుంది. ఇంటిని గురించి మాట్లాడదు. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సంరక్షకుడి "సదుద్దేశం" యథాతథంగా నిలిచివుంది. 2025 మార్చిలో కేరళ హైకోర్టు, ఉపాధ్యాయుడి చేతిలో బెత్తం వుండనివ్వండి, వాడకపోయినా దాన్ని చూస్తే పిల్లల మనసు మీద ప్రభావం వుంటుందని అభిప్రాయపడింది. పని చేసేది దెబ్బ కాదు, భయం అని ఇంతకంటె స్పష్టంగా ఒప్పుకోవడం సాధ్యం కాదు. సరిగ్గా ఆ భయాన్నే మనం వ్యతిరేకిస్తున్నాం.

4

చట్టం వచ్చిందిగదా, ఇంకా ఈ గొడవెందుకు అనవచ్చు. భారత ప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను ప్రశ్నించి 2007లో ఒక నివేదిక ప్రచురించింది. బడికి వెళ్లే పిల్లల్లో నూటికి 65 మంది అక్కడ దెబ్బలు తిన్నామన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించిన 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2009 ప్రాంతంలో మరింత సూటిగా అడిగింది. గడచిన వారం రోజుల్లో ఉపాధ్యాయుడు నిన్ను కొట్టాడా? ఎనిమిదేళ్ల పిల్లల్లో నూటికి 78 మంది కొట్టాడన్నారు. పదిహేనేళ్లవారిలో 34 మంది అన్నారు. మన రాష్ట్రంలో నిషేధం వచ్చి అప్పటికి ఏడేళ్లయింది.

ఈ రెండు అంకెల మధ్య వున్న తేడా మీద మనం కొంచెం ఆగాలి. తప్పు దిద్దడానికే కొడతారన్నది నిజమైతే, పెద్ద తప్పులు చెయ్యగలవాడికి ఎక్కువ దెబ్బలు పడాలి. పదిహేనేళ్లవాడు చేసే తప్పుల ముందు ఎనిమిదేళ్లవాడి తప్పులు ఏపాటివి? పలక మరిచిపోయి వుంటాడు, పక్కవాడితో మాట్లాడి వుంటాడు, అంతేగదా. అయినా దెబ్బలు రెండింతలకు పైగా చిన్నవాడికే పడుతున్నాయి. ఎందుకంటే పెద్దవాడు చెయ్యి పట్టుకోగలడు, తిరగబడగలడు, బడి మానేసి పోగలడు. చిన్నవాడు ఏడవడం తప్ప మరేమీ చెయ్యలేడు. దెబ్బల లెక్క తప్పును బట్టి నడవడం లేదు, నిస్సహాయతను బట్టి నడుస్తున్నది. ఇదే సూత్రం పొలంలోనూ ఫ్యాక్టరీలోనూ నడిస్తే దాన్ని మనం ఏమంటామో అందరికీ తెలుసు.

ఆ నిస్సహాయులలో కూడా అందరూ సమానం కారు. కరణంగారి మనవణ్ణి కొట్టేముందు పంతులు ఒకసారి ఆలోచిస్తాడు. మర్నాడు ఎవరొచ్చి అడుగుతారో అతనికి తెలుసు. కూలి పనికి పోయిన తల్లి బడికి వచ్చి అడగదని కూడా తెలుసు. బెత్తంతోపాటు మాటలు కూడా పడతాయి. "నీకెందుకురా చదువు, పోయి గేదెలు కాసుకో" అంటాడు. "మీ వాళ్లకు ఇది అబ్బదు" అంటాడు. ఆ మాటలో కులం వుంది, వృత్తి వుంది, తరతరాల తిరస్కారం వుంది. అరచేతి వాత సాయంత్రానికి మాయమవుతుంది. ఆ మాట నిజమేనేమో అని పిల్లవాడు నమ్మడం మొదలుపెట్టిన నాడు, బడిలో అతని కథ ముగిసినట్టే.

"మేమూ దెబ్బలు తినే పైకి వచ్చాం" అనేవారికి ఇక్కడే సమాధానం వుంది. ఈ సాక్ష్యం ఎవరిస్తున్నారు? పైకి వచ్చినవారు. దెబ్బలకు జడిసి మూడో తరగతిలో బడి మానేసి పశువుల వెంట పోయినవాడు ఉపాధ్యాయుల గదిలోకి వచ్చి సాక్ష్యం చెప్పడు. మశూచి సోకి బతికి బయటపడ్డవాడు, మశూచి వల్లనే నాకు బలం వచ్చిందని వాదిస్తే మనం ఒప్పుకుంటామా? అతడు మశూచి వున్నా బతికాడు. మనవారు దెబ్బలు తిన్నా చదువుకున్నారు. ఆ చదువుకు కారణం వారి తెలివి, తల్లి పట్టుదల, ఎక్కడో ఒక మంచి ఉపాధ్యాయుడు చూపిన ఆదరణ. ఆ గౌరవమంతా తీసుకుపోయి బెత్తానికి ఇవ్వడం ఆ తల్లికీ ఆ ఉపాధ్యాయుడికీ అన్యాయం.

ఇంట్లో కొట్టే దెబ్బల విషయం కూడా పరిశోధకులు విచారించకపోలేదు. పిర్ర మీద అరచేత్తో కొట్టే మామూలు దెబ్బలను గురించి 75 అధ్యయనాలను, సుమారు లక్షా అరవై వేల మంది పిల్లల సమాచారాన్ని, గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2016లో కలిపి పరిశీలించారు. వారు చూసిన పదిహేడు ఫలితాలలో పదమూడింటిలో దెబ్బలకూ కీడుకూ సంబంధం కనబడింది. కొట్టిన పిల్లలు మరింత మొండిగా, మరింత దుడుకుగా తయారైనట్టు కనబడిందేగాని బాగుపడినట్టు ఒక్క ఫలితమూ చూపలేదు. సంబంధం వున్నంత మాత్రాన అదే కారణమని అనలేమని ఎవరైనా అనవచ్చు. న్యాయమే. కాని కొడితే మేలు జరుగుతుందని చెప్పేవారు ఆ మేలును ఎక్కడైనా ఒకచోట చూపించాలి కదా?

ఇంటి విషయంలో మరొక మాట. "ప్రేమ వుంది గనకే కొట్టాను" అని తండ్రి అంటాడు. భార్యను కొట్టిన భర్త కూడా సరిగ్గా ఇదే అంటాడు. అతని మాటను మనం ఒప్పుకోవడం మానేసి చాలా కాలమయింది. పనిచోట యజమాని తిట్లు పడి వచ్చినవాడు ఇంట్లో భార్య మీద చెయ్యి చేసుకుంటాడు, ఆమె పిల్లవాణ్ణి బాదుతుంది, వాడు కుక్కపిల్లను తంతాడు. ఈ గొలుసులో ఎవరి మీదా నాకు ద్వేషం లేదు. రోజంతా ఒంగి నాట్లు వేసి వచ్చిన తల్లికి ఓపిక లేకపోవడం ఆమె నేరం కాదు. కాని ఈ గొలుసు వల్ల లాభపడేది యజమానే. అతని మీద రావలసిన కోపం మెట్టు మెట్టుగా కిందికి దిగి, చిట్టచివరికి ఏ శక్తీ లేని ఒక చిన్న వీపు మీద ఖర్చయిపోతున్నది.

5

ఇప్పుడు మన మిత్రుల అసలు వాదానికి వద్దాం. యాభై మందికి ఒక ఉపాధ్యాయుడు, ఒకే గదిలో రెండు మూడు తరగతులు, పైగా లెక్కలు రాసి పంపే చాకిరీ. ఈ స్థితిలో కొట్టకుండా ఎట్లా?

ఈ ఇబ్బంది నిజమైనదే. బెత్తాన్ని నిషేధించి, ఉపాధ్యాయుల ఖాళీలు నింపకుండా, తరువాత ఒక ఉపాధ్యాయుణ్ణి సస్పెండు చేసి చేతులు దులుపుకునే ప్రభుత్వానిది పచ్చి మోసం. ఉపాధ్యాయులను జైళ్లలో పెట్టమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని ఈ వాదం ఎక్కడికి దారితీస్తుందో గమనించాలి. ప్రభుత్వం చెయ్యని పనిని బెత్తం చేత చేయించి, ఆ లోటు కనబడకుండా కప్పిపుచ్చుతున్నది ఎవరు? యాభై మంది నిశ్శబ్దంగా కూర్చున్న గదిని చూసి తనిఖీకి వచ్చిన అధికారి "బాగానే వుంది" అని రాసుకుపోతాడు. అంటే బెత్తం ఉపాధ్యాయుడి కష్టాన్ని తీర్చడం లేదు, ప్రభుత్వం తప్పును దాస్తున్నది. బెత్తాన్ని నిషేధించిన ఆ చట్టమే, ప్రాథమిక పాఠశాలలో ముప్పై మందికి ఒక ఉపాధ్యాయుడు వుండాలని చెబుతున్నది. ఒకే చట్టంలోని ఒక నిబంధన కోసం ధర్నాలు చేస్తూ, మరో నిబంధనను ఎగతాళి చెయ్యడం తర్కానికి నిలిచే పని కాదు. రెండింటినీ కలిపి అడిగినప్పుడే మన డిమాండుకు నైతిక బలం వుంటుంది.

తల్లిదండ్రులే వచ్చి "నాలుగు తగిలించండి" అంటున్నారనేది మరో సమర్థన. తల్లిదండ్రులు బాల్యవివాహాలు కూడా చేస్తామంటారు. ప్రజలు చెప్పినదల్లా చెయ్యడమే ప్రజాపక్షమైతే ఈ సంఘాలూ ఈ పత్రికలూ ఎందుకు?

మకరెంకో కూడా కొట్టాడుగదా అని మన పుస్తకాలు చదివిన మిత్రులు గుర్తు చేస్తారు. కొట్టాడు. 1920లో పోల్టావా దగ్గర బాలనేరస్థుల కోసం పెట్టిన కాలనీలో, కట్టెలు కొట్టమంటే ఎదురు సమాధానం చెప్పిన జదోరవ్ అనే కుర్రవాణ్ణి కొట్టాడు. ఆ సంగతి దాచకుండా తన గ్రంథంలో రాశాడు. కాని ఎట్లా రాశాడు? సహనం నశించి అదుపు తప్పిన మనిషి చేసిన పనిగా రాశాడు. హింసలో తనకు సర్వశక్తిమంతమైన బోధనాపద్ధతి ఏదో దొరికిందని తాను ఒక్క క్షణం కూడా అనుకోలేదనీ, ఆ దెబ్బ జదోరవ్ కంటె తనకే ఎక్కువ నష్టం చేసిందనీ రాశాడు. ఆ తరువాతి పేజీలన్నీ దేనితో నిండి వున్నాయి? పిల్లల సర్వసభ్య సమావేశంతో, పని దళాల నాయకుల మండలితో, కలిసి చేసిన సేద్యంతో, వేసిన నాటకాలతో. ఆ పుస్తకంలో ఒక్క పేజీని చదివి మిగతాదంతా వదిలేసినవారు మాత్రమే మకరెంకోను బెత్తానికి సాక్షిగా పిలవగలరు.

చిట్టచివరిది, వ్యవస్థ మారితే ఇదీ మారుతుందనే మాట. స్త్రీల ప్రశ్న వచ్చినప్పుడూ, కులం ప్రశ్న వచ్చినప్పుడూ ఇదే మాట విన్నాం. వ్యవస్థను మార్చేది ఎవరు? రేపటి మనుషులే కదా. పెద్దవాడి ముందు తల ఎత్తగూడదనీ, బలమున్నవాడు చెప్పిందే న్యాయమనీ, తన పక్కవాణ్ణి కొడుతున్నప్పుడు తల దించుకుని కూర్చుంటే తాను క్షేమమనీ పదేళ్లపాటు రోజూ నేర్చుకున్నవాడు పద్దెనిమిదో ఏట హఠాత్తుగా సమ్మెలో నిలబడతాడా? సాటివాడికి దెబ్బలు పడుతుంటే మౌనంగా కూర్చోవడం సమ్మెను విచ్ఛిన్నం చేసేవాడికి కావలసిన మొదటి శిక్షణ. ఆ శిక్షణ మన చేతులతో మనమే ఇస్తున్నాం.

6

ఇంతవరకు చదివి, "మేం బెత్తం వాడడం లేదు, ఆధునిక పద్ధతులే వాడుతున్నాం" అని సంతోషించేవారు కూడా వుంటారు. వారి ఆధునిక పద్ధతులు ఏమిటి? వారం వారం పరీక్ష పెట్టి మార్కులు గోడకు అంటించడం. ర్యాంకుల ప్రకారం పిల్లలను విడివిడి సెక్షన్లుగా చీల్చి, కింది సెక్షన్ అంటే దద్దమ్మల గది అని అందరికీ తెలిసేటట్టు చెయ్యడం. తగ్గిన మార్కులను ఫోనులో తల్లిదండ్రులకు పంపి, కొట్టే పని ఇంటికి బదిలీ చెయ్యడం. ఫీజు కట్టనివాణ్ణి తరగతి బయట నిలబెట్టడం. మన రెండు రాష్ట్రాల్లోని వ్యాపార కళాశాలల్లో, వాటికి అనుబంధమైన వసతిగృహాల్లో జరుగుతున్నది ఇదే. అక్కడ వార్డెను చేతిలో బెత్తం కనబడకపోవచ్చు. కాని తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పిల్లవాడి మెడ మీద మరో బెత్తం వేలాడుతూనే వుంటుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో తప్పుల తడకగా వెలువడిన ఇంటర్మీడియట్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వారినెవరూ బెత్తంతో కొట్టలేదు.

పాత బెత్తం భూస్వామ్య సమాజానిది. కొత్త బెత్తం మార్కెట్టుది. మొదటిది లొంగి వుండటం నేర్పుతుంది. రెండోది పక్కవాణ్ణి తొక్కి ముందుకు పోవడం నేర్పుతుంది. మొదటిదాన్ని తిట్టి రెండోదాన్ని సంస్కరణగా చూపేవారు మన మిత్రులు కారు. 17వ విభాగంలోని "మానసిక వేధింపు" అనే మాటకు ఏనాడైనా నిజమైన అర్థం చెబితే, ఈ కళాశాలల్లో ఎన్ని తలుపులు తెరిచి వుంటాయో చూడవలసిందే.

7

అయితే క్రమశిక్షణ అక్కర్లేదా? తప్పక కావాలి. క్రమశిక్షణ లేకుండా పంట పండదు, నాటకం రక్తికట్టదు, సంఘం నిలవదు. కాని అది ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే పిల్లలు ఆడుకునేచోటికి పోయి చూడాలి. కబడ్డీలో అవుటైన పిల్లవాడు తనంతట తానే గీత దాటి బయటికి పోతాడు. ఒప్పుకోకపోతే తోటివాళ్లు ఒప్పించి పంపుతారు. అక్కడ పంతులు లేడు, బెత్తం లేదు. ఎందుకు ఒప్పుకుంటున్నాడు? ఆ నియమం తనకు తెలుసు, అది అందరికీ ఒకటే, అది లేకపోతే ఆట వుండదని తనకు అర్థమయింది, ఆట తనకు కావాలి. ఈ నాలుగూ వున్నచోట క్రమశిక్షణ వుంటుంది. మన తరగతి గదిలో ఈ నాలుగింటిలో ఎన్ని వున్నాయో ఎవరికి వారే లెక్క చూసుకోవచ్చు.

ఇది పగటికల కాదు. గుజరాతులో న్యాయవాదవృత్తి వదిలి పంతులైన గిజుభాయి బధేకా తన 'దివాస్వప్న'లో చూపిన ఉపాధ్యాయుడు మామూలు నాలుగో తరగతిలో అడుగుపెట్టి, మొదటి రోజు పిల్లలను నిశ్శబ్దంగా వుంచబోయి పూర్తిగా విఫలమవుతాడు. రెండో రోజు బెత్తం తీసుకురాడు, కథ తీసుకువస్తాడు. మన చలం విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, బడులను దగ్గర్నుంచి చూసినవాడు. 'బిడ్డల శిక్షణ'లో ఆయన పెద్దల దౌర్జన్యాన్ని ఎండగట్టాడు. చలం వ్యక్తివాదంతో మనకు పేచీలు వుండవచ్చు. ఈ విషయంలో మాత్రం ఆయన మనకంటె ముందు నడిచాడని ఒప్పుకోవడానికి పేచీలు అడ్డు రాగూడదు.

చెయ్యవలసిన పనులు గొప్పవేమీ కావు. తరగతి నియమాలను పిల్లలతో కూర్చుని, వారి మాటల్లో రాయించాలి. అవి ఉపాధ్యాయుడికీ వర్తించాలి. ఆలస్యంగా వచ్చినవాణ్ణి దండించే ముందు ఎందుకు ఆలస్యమయిందో అడగాలి. సగం సందర్భాల్లో చంకలో చెల్లెలో, మొయ్యవలసిన నీళ్ల బిందెలో కారణంగా తేలుతాయి. నల్లబల్ల మీది లెక్క తప్పు రాసినవాడికి కళ్లు సరిగా కనబడుతున్నాయో లేదో చూడాలి. కిటికీ పగలగొట్టినవాడు దాన్ని బాగుచెయ్యడంలో చెయ్యి వెయ్యాలి. తోటివాణ్ణి కొట్టినవాడు తరగతి సమావేశంలో జవాబు చెప్పాలి. ఇందుకు పట్టే సమయం బెత్తానికి పట్టే సమయం కంటె ఎక్కువే. నేర్పడానికి ఎప్పుడూ ఎక్కువ సమయమే పడుతుంది.

అన్నిటికంటె ముందు, మన ఉపాధ్యాయ సంఘాలు ఒక తీర్మానం చెయ్యాలి. మా సభ్యుడు పిల్లవాడి మీద చెయ్యి చేసుకోడని, కులం పేరుతోగాని తల్లిదండ్రుల వృత్తి పేరుతోగాని పిల్లవాణ్ణి కించపరచడని, ఆ నియమం తప్పినవాణ్ణి సంఘమే పిలిచి అడుగుతుందని. ఆ తీర్మానాన్ని, ఖాళీలు నింపాలనే తీర్మానాన్ని ఒకే కాగితం మీద రాసి ప్రభుత్వానికి పంపాలి. విద్యార్థి సంఘాలు వసతిగృహాల్లో అన్నం బాగుండాలని అడిగినట్టే, అక్కడి పిల్లల వీపుల సంగతీ అడగాలి. సంఘానికి ఇందులో ఒక్క పైసా ఖర్చు లేదు. పోయేదల్లా ఒక అలవాటు, ఒక అధికారం.

ఆ అధికారాన్ని వదులుకోవడానికి మనం సిద్ధంగా లేకపోతే, ఇతరుల అధికారాన్ని వదులుకోమని ఏ మొహంతో అడుగుతాం?